పెళుసు జిగురుకు మెత్తని తోడు: ఎపాక్సీ రెజినుల కథ

బోధను పరిసరములలో మోటారు పంపు డొప్ప బీటవేసినను, నీటి గొట్టము అతుకు కారుచున్నను, రైతు అంగడికి పోయి రెండు చిన్న ముద్దలు తెచ్చుకొనును. వానిని కలిపి పిసికి చీలికపై అదుమును. విడివిడిగా ఉన్నంతకాలము ఆ రెండును మెత్తగనే ఉండును. కలిసిన కొంతసేపటికి రాయివలె బిగిసిపోవును. తరువాత ఎంత కాచినను కరగవు, కాలవలసినదే. రెండు గొట్టములలో అమ్ము అరాల్డైట్ జిగురు కూడ ఈ జాతిదే. ఈ జాతి పదార్థములకు ఎపాక్సీ రెజినులని పేరు. రెజిన్ అనగా మన గుగ్గిలము వంటి పదార్థము. గుగ్గిలము చెట్టునుండి కారును. ఎపాక్సీని రసాయనశాలలో చేయుదురు.

ఇంత గట్టి పదార్థమునకు ఒక లోపము కలదు. అది పెళుసు. ఏ కలుపును లేని శుద్ధమైన ఎపాక్సీని పలుచని బిళ్లగా పోసి, ఆరిన పిదప సుత్తితో కొట్టినచో గాజువలె పగులును. గట్టిదనము వేరు, దెబ్బకోర్చు గుణము వేరు. ఈ రెండును ఒకటే అనుకొనుట మన తరగతులలో తరచు కనబడు పొరపాటు. ఎపాక్సీకి దెబ్బకోర్చు గుణమును మనుష్యులు ఎట్లు సంపాదించి పెట్టిరి? దానిని మరింత గట్టిపరచి కాదు; తగిన మెత్తని పదార్థమును, తగినంతగా, తగిన రూపమున కలిపి. ఆ ప్రయత్నముల చరిత్రయే ఈ వ్యాసము. అందులో మన చెరకు సీమకును ఒక చోటు కలదు.

పాత కాలపు కలుపులు

ఒక పదార్థములోని లోపమును మరియొక పదార్థమును కొద్దిగా చేర్చి దిద్దుట క్రొత్త విద్య కాదు. మట్టిగోడ పెట్టువారు మట్టిలో వరిగడ్డి ముక్కలు వేసి త్రొక్కుదురు. ఉత్త మట్టి ఎండినపుడు నెఱ్ఱెలు విచ్చును. గడ్డి ఆ నెఱ్ఱెలకు అడ్డుపడును. మన పాత కోటలకును, గుడులకును వాడిన డంగు సున్నములో బెల్లపు నీరు, కరక్కాయ కషాయము చేర్చి రుబ్బుట మేస్త్రీలకు తెలిసిన పద్ధతి. చక్కెర పదార్థము సున్నమును నీటిలో ఎక్కువగా కరిగించును. అది బిగియు వేగమును తగ్గించును. నిదానముగా బిగిసిన సున్నమునకు బీటలు తక్కువ.

ఈ రెండు ఉదాహరణములలోను ఒక భేదమును గమనింపవలెను. బెల్లము సున్నములో కరిగి కలిసిపోవును. గడ్డి మట్టిలో కలియక, వేరుగనే ఉండి పని చేయును. ఎపాక్సీ చరిత్రలో శాస్త్రజ్ఞులు మొదట బెల్లపు త్రోవను నడచి, తరువాత గడ్డి త్రోవకు వచ్చిరి.

మూడు మూలల ఉంగరము

ఎపాక్సీ అను పేరు ఒక చిన్న ఉంగరమును బట్టి వచ్చినది. రెండు కర్బన పరమాణువులు, ఒక ఆమ్లజని పరమాణువు త్రికోణముగా కూడినచో ఆ ఉంగరము ఏర్పడును. కర్బనము తన నాలుగు చేతులను సుమారు 109 డిగ్రీల కోణమున చాచుకొనవలెనని కోరును. ఈ త్రికోణములో వానిని 60 డిగ్రీలకు వంచవలసి వచ్చును. వంచిన వెదురు బద్దవలె ఉంగరము ఎప్పుడు విడిపోదునా అని చూచుచుండును. నత్రజని గల అమైనులు తగిలినంతనే ఉంగరము తెగి, వానితో గట్టిగా ముడిపడును. గట్టిపరచు పదార్థము చేయు పని ఇదియే.

ఈ జాతిలో మిక్కిలి చిన్నదైన ఇథిలీన్ ఆక్సైడును ఫ్రెంచి రసాయనవేత్త వుర్ట్స్ 1859లో తయారుచేసెను. రష్యాలో ప్రిలెజాయెవ్ 1909లో ఇట్టి ఉంగరములను చేయుటకు సులభమైన మార్గము చూపెను. 1934లో జర్మనీకి చెందిన పాల్ ష్లాక్, రెండు కొసలందును ఉంగరములుగల అణువులను అమైనులతో ముడివేయు పద్ధతికి పేటెంటు కోరెను. అప్పటికి అది ఎందుకు పనికివచ్చునో ఎవరికిని స్పష్టముగా తోచలేదు.

దానికి ఉపయోగము చూపినది పంటి వైద్యము! స్విట్జర్లాండులో దంతవైద్య సామగ్రి చేయు సంస్థలో పియెర్ కాస్టాన్ అను రసాయనవేత్త కట్టుడు పళ్లకు తగిన పదార్థమును వెదకుచుండెను. బిస్‌ఫినాల్-ఏ, ఎపిక్లోరోహైడ్రిన్ అను రెండింటిని కాస్టిక్ సోడా సమక్షమున కలిపి, ఉంగరములుగల రెజినును ఆయన సాధించెను. 1938లో పేటెంటుకు దరఖాస్తు పెట్టెను. పళ్ల కట్టుకు అది అంతగా నప్పలేదు. కాని సీబా అను స్విస్ సంస్థ ఆ హక్కులను గైకొని, 1946లో బాసెల్ నగరపు పారిశ్రామిక ప్రదర్శనమున దానిని లోహములను అతికించు జిగురుగా చూపినది. ఇంచుమించు అదే కాలమున అమెరికాలో సిల్వన్ గ్రీన్‌లీ రంగులకు, వార్నీషులకు తగిన ఎపాక్సీలను చేసెను. క్రమముగా ఇవి విద్యుత్ పరికరములకు, ఓడల పూతలకు, విమాన భాగములకు ప్రాకినవి.

పెళుసుదనమునకు కారణము

పాలిథీన్ సంచిలోని బృహదణువులు విడివిడి దారములవలె ఉండును. లాగినపుడు ఒకదానిపై నొకటి జారును; సంచి సాగును. ఎపాక్సీ గట్టిపడినపుడు దారములన్నియు ముడులతో కూడి, నలుదెసల అల్లిన వల అగును. అందుచేతనే అది వేడికి కరగదు, నూనెలకు లొంగదు, బరువునకు సాగదు. కాని జారలేని వల దెబ్బ తగిలినపుడు ఆ శక్తిని ఎక్కడ ఖర్చుపెట్టగలదు? ఒక పగులు పుట్టుటయే తరువాయి, అది అడ్డులేక పరుగెత్తును.

ఈ సంగతి బట్టల అంగడిలో చూడవచ్చును. గుడ్డను ఉత్తచేతులతో చింపుట కష్టము. అంగడివాడు కత్తెరతో అంచున చిన్న గాటు పెట్టి చరచర చింపును. లాగిన బలమంతయు ఆ గాటు మొనపై చేరును. గాజు పగులుటను గూర్చి ఇంగ్లండులోని ఫార్న్‌బరోలో పనిచేసిన గ్రిఫిత్ 1921లో ప్రకటించిన సిద్ధాంతమునకు మూలము ఇదియే: ప్రతి పదార్థములోను కంటికి కనబడని గాట్లుండును, పగులు ముందుకు సాగుటకు కావలసిన శక్తి ఎంతయో, అంతయే దాని ఓర్పు.

ఆ శక్తిని కొలువవచ్చును. ఒక చదరపు మీటరు పగులు ఏర్పడుటకు గాజునకు సుమారు 10 జూళ్ల శక్తి చాలును. శుద్ధ ఎపాక్సీకి 100 మొదలు 200 జూళ్లు కావలెను. గాజుకంటె మేలే, కాని విమానపు రెక్కకు అది చాలదు.

మొదటి ప్రయత్నములు

1950వ దశకమున అనుసరించిన త్రోవ బెల్లపు త్రోవ. గంధకముగల ద్రవ రబ్బరులను, నూనెల ఆమ్లములనుండి చేసిన పొడవైన పాలిఅమైడులను రెజినులో కలిపిరి. అవి వల పోగులలో తామును చేరి, ముడుల నడుమ దూరమును పెంచెను. జిగురు వంగుట నేర్చుకొనెను. పూతలకును, జిగురులకును ఇవి నేటికిని పనికివచ్చుచున్నవి.

కాని వెల చెల్లింపక తప్పలేదు. మెత్తని పదార్థము అంతటను సమముగా కరిగిపోవుటచే, ఎపాక్సీ అంతయు సమముగా మెత్తబడెను. వేడికి త్వరగా వదులగును. బరువునకు మెల్లగా సాగును. ఓర్పు వచ్చినది గాని గట్టిదనము పోయినది. రెండును నిలుపుట ఎట్లు?

రబ్బరు రేణువులు

దీనికి పరిష్కారము 1960వ దశకము చివరను దొరకెను. అమెరికాలో గుడ్‌రిచ్ రబ్బరు సంస్థ రసాయనవేత్తలు బ్యూటాడయీన్, ఆక్రిలోనైట్రైల్ అను రెండింటినుండి తేనెవంటి ద్రవ రబ్బరును చేసి, దాని అణువుల రెండు కొసలందును ఆమ్ల సమూహములను అమర్చిరి. ఆ కొసలు ఎపాక్సీ ఉంగరములను పట్టుకొనగలవు. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున మెక్‌గారీ, సుల్తాన్ అనువారు ఇట్టి రబ్బరును ఎపాక్సీలో కలిపి పగులు పరీక్షలు చేసిరి. 100 పాళ్ల రెజినుకు 5 మొదలు 15 పాళ్ల రబ్బరు చేర్చినంతనే పగులుకు కావలసిన శక్తి పది రెట్లకు పైగా పెరుగునని ఈ పరిశోధనలవలన తేలినది. చదరపు మీటరుకు 1000 జూళ్లు దాటిన మిశ్రమములు సాధ్యమైనవి. అయినను గట్టిదనమున తరుగు స్వల్పమే.

ఇది ఎట్లు జరిగినది? మన వంటింటిలోని నెయ్యి దీనిని చక్కగా బోధించును. వెన్న కాచినపుడు నెయ్యి తేటగా ఉండును. చల్లారుకొలది అందులో పూసలు కట్టును. నిదానముగా చల్లారినచో పూస పెద్దది, త్వరగా చల్లార్చినచో సన్నము. ఎపాక్సీలోను మొదట రబ్బరు పూర్తిగా కరిగి, ద్రవము తేటగా ఉండును. గట్టిపరచు పదార్థము పని ప్రారంభించి, ఎపాక్సీ అణువులు పెరుగుకొలది, రబ్బరునకు వానిలో చోటు చాలదు. అది వేరుపడి పూసలు కట్టును. నెయ్యి పూసకట్టుట చల్లదనము వలన. ఇక్కడ అణువుల పెరుగుదల వలన. ఇంతలో ఎపాక్సీ బిగిసిపోవుటచే పూసలు ఎక్కడివక్కడ నిలిచిపోవును. వాని వ్యాసము చాల మిశ్రమములలో ఒక మైక్రానుకు అటునిటుగా ఉండును. అనగా మిల్లీమీటరులో వేయవ వంతు. తేట ద్రవము పాలవలె తెల్లబడుట ఈ పూసల గురుతు.

ఆక్రిలోనైట్రైల్ పాలు పెంచినచో రబ్బరు ఎక్కువసేపు కరిగియుండి సన్నని పూసలు కట్టును, తగ్గించినచో పెద్దవి. ఏ వేడిమిలో, ఎంత వేగముగా గట్టిపరచితిమన్నది కూడ ముఖ్యమే. ఒకే దినుసులతో ఇద్దరు వంట చేసినను రుచి వేరగునట్లు, ఒకే కలుపుతో రెండు ఫలితములు రావచ్చును.

పూసలు చేయు పనిని 1980వ దశకమున ఇంగ్లండులో కిన్‌లాక్, అమెరికాలో యీ, పియర్సన్ మొదలగువారు విశదపరచిరి. పగులు మొన సమీపించినపుడు రబ్బరు పూసల లోపల డొల్లలు ఏర్పడును. పూసల చుట్టునున్న ఎపాక్సీకి అప్పుడు జారుటకు కొంత వీలు కలుగును. పగులును నడిపింపవలసిన శక్తి, లక్షలకొలది చిన్న చోట్ల ఈ జారుటలో ఖర్చగును. రబ్బరు తాను దెబ్బను మ్రింగుట తక్కువ. ఎపాక్సీచేత మ్రింగించుట ఎక్కువ. ఇది ఈ కథలోని ముఖ్యమైన మలుపు.

ఒక విమాన యంత్రపు పాఠము

ఈ పరిశోధనలు ప్రయోగశాలలలో సాగుచుండగనే, పెళుసుదనము ఎంత ఖరీదైనదో ప్రపంచము చూచినది. బ్రిటనులోని రోల్స్‌రాయిస్ సంస్థ ఆర్‌బి 211 అను విమాన యంత్రమునకు కార్బను పోగులను రెజినులో నిలిపి చేసిన పంకా రెక్కలను అమర్చదలచెను. హైఫిల్ అని పేరుపెట్టిన ఆ రెక్కలు లోహపు రెక్కలకంటె చాల తేలిక. కాని ఎగురు విమానమునకు పక్షి తగులుట కద్దు. 1970లో జరిగిన పక్షిదెబ్బ పరీక్షలలో ఆ రెక్కలు నిలువలేదు. టైటానియం రెక్కలకు మరలవలసి వచ్చెను. యంత్రపు ఖర్చులు అన్నివిధముల పెరిగిపోయి, 1971 ఫిబ్రవరిలో సంస్థ దివాలా తీయగా ప్రభుత్వము దానిని చేపట్టినది. దివాలాకు కారణములనేకము, రెక్కల వైఫల్యమునకును రెజిన్ పెళుసుదనమొక్కటే కారణమని చెప్పరాదు. అయినను తేలికయైన గట్టిదనము చాలదు, దెబ్బకోర్చు గుణము కూడ కావలెనను పాఠము ఇంజనీర్ల మనసున నాటుకొనెను.

అంతలో మరియొక చిక్కు ఎదురైనది. విమానములకు వాడు ఎపాక్సీలు అధికమైన వేడికి తాళవలెను. అందుకై వాని వలలో ముడులు చాల దట్టముగా ఉండును. ముడులు దట్టమైనచోట ఎపాక్సీకి జారు వీలే లేదు. అట్టిచోట రబ్బరు పూసలు ఏమి చేయగలవు? పైగా రబ్బరు వేడికి తాళు గుణమును తగ్గించును. కనుక శాస్త్రజ్ఞులు మెత్తని రబ్బరుకు బదులు, గట్టివే అయి జారగల దారముల వంటి పాలిమరులను వెదకిరి. ఇంగ్లండులోని క్రాన్‌ఫీల్డులో బక్నాల్, పార్ట్రిడ్జ్ 1983లో పాలిఈథర్ సల్ఫోనును కలిపిన ఫలితములను ప్రకటించిరి. ఓర్పు ఆశించినంత పెరుగలేదు. కాని 1989లో బక్నాల్, గిల్బర్ట్ పాలిఈథర్ ఇమైడును చేర్చి మంచి ఫలితమును పొందిరి. కలుపు కొద్దిగా ఉన్నప్పుడు ద్వీపములవలె పూసలు కట్టును. పాలు పెరిగినచో రెండు పదార్థములును ఒకదానిలో నొకటి అల్లుకొని రెండు వలలుగా నిలుచును. పగులు ఎటు పోయినను సాగగల పోగులు అడ్డుపడును.

జపానులోని టోరే సంస్థ మరియొక ఉపాయము పన్నెను. కార్బను పోగుల పొరలు ఒకదానిపై నొకటి పేర్చినపుడు, పగుళ్లు పొరల నడుమనే పరుగెత్తును. కావున దెబ్బకోర్చు పాలిమర్ రేణువులను అంతటను కాక, సరిగా పొరల నడుమనే ఉంచిరి. 1994లో మొదట ఎగిరిన బోయింగ్ 777 విమానపు తోక భాగములను ఇట్టి పదార్థముతో చేసిరి. 1995లో అదే విమానమునకు సేవలో చేరిన జీఈ 90 యంత్రపు పంకా రెక్కలు కార్బను పోగులతో, ఓర్పు పెంచిన ఎపాక్సీతో, ముందంచున టైటానియం తొడుగుతో చేసినవి. పాతికేండ్ల క్రిందట పక్షిదెబ్బకు ఓడిన ఆలోచన ఆ విధముగా గెలిచెను.

మన చెరకు సీమ

ఇక బోధనుకు వత్తము. మంజీరానదిపై 1923లో ప్రారంభించి 1931లో ముగించిన నిజాంసాగరము నీటితో ఈ సీమ చెరకు సీమయైనది. 1937లో నెలకొల్పిన నిజాం చక్కెర కర్మాగారము బోధను ప్రక్కన శక్కర్‌నగరమను ఊరినే వెలయించెను. చక్కెర తీసిన పిదప మిగులు నల్లని చిక్కని మొలాసిస్ చాలమందికి దుర్గంధముగనే తెలియును. రసాయనవేత్తకు అది గని. ఒక టన్ను చెరకు ఆడినచో సుమారు 40 మొదలు 50 కిలోల మొలాసిస్ వచ్చును. ఒక టన్ను మొలాసిస్‌ను పులియబెట్టి బట్టీ పట్టినచో 220 మొదలు 250 లీటర్ల ఆల్కహాలు లభించును.

ఈ ఆల్కహాలునకును మన కథకును సంబంధమేమి? ఆల్కహాలునుండి నీటి అణువును తొలగించినచో ఇథిలీన్ వచ్చును. దానిని వెండి ఉత్ప్రేరకముపై ఆమ్లజనితో కలిపినచో వుర్ట్స్ చేసిన ఇథిలీన్ ఆక్సైడు, అనగా మూడు మూలల ఉంగరము, ఏర్పడును. జిగురు రెజినులలోని ఉంగరము దీనికి తమ్ముడు వంటి ఎపిక్లోరోహైడ్రినునుండి వచ్చును. దానిని ప్రొపిలీనునుండి గాని, సబ్బు తయారీలో మిగులు గ్లిసరిన్ నుండి గాని చేయుదురు. ఉత్తరాఖండములోని కాశీపూరులో 1989 ప్రాంతమున మొలాసిస్ ఆల్కహాలు ఆధారముగా ఇథిలీన్ ఆక్సైడు, గ్లైకాలు చేయు కర్మాగారము వెలసినది.

రబ్బరు సంగతి ఇంకను ఆశ్చర్యకరము. రష్యనుడు లెబెదెవ్ ఆల్కహాలునుండి నేరుగా బ్యూటాడయీన్ తీయు పద్ధతిని కనుగొనెను. 1930వ దశకమున సోవియట్ దేశము దానితో కృత్రిమ రబ్బరు చేసెను. మన దేశమున బరేలీలో 1963లో ప్రారంభమైన కృత్రిమ రబ్బరు కర్మాగారము సైతము చక్కెర మిల్లుల ఆల్కహాలును ఆధారము చేసికొన్నదే. పూర్వము ఆక్రిలోనైట్రైలును ఇథిలీన్ ఆక్సైడునుండియే చేయుచుండిరి. కాబట్టి ఎపాక్సీ పెళుసుదనమును పోగొట్టిన ఆ ద్రవ రబ్బరులోని రెండు దినుసులకును, సూత్రరీత్యా, చెరకు మొలాసిసే మూలము కాగలదు.

మన సీమ మరి రెండు పంటలనుకూడ ఈ పనికి ఇయ్యగలదు. తెలంగాణపు మెట్ట పొలముల ఆముదములో సుమారు 90 పాళ్లు రిసినోలిక్ ఆమ్లము. హైదరాబాదు ప్రాంతీయ పరిశోధనాలయమున (1989 నుండి దాని పేరు భారతీయ రసాయన సాంకేతిక సంస్థ) కె. టి. అచ్చయ ఆముదపు రసాయనములపై పెక్కేండ్లు కృషి చేసి, 1971లో వానిని గూర్చిన సమగ్ర సమీక్షను ప్రకటించెను. అమెరికాలో స్పెర్లింగ్ బృందము 1970వ దశకమున ఆముదపు రబ్బరును ఇతర పాలిమరులతో అల్లి దెబ్బకోర్చు పదార్థములను చేసినది. రెండవది శ్రీకాకుళము జిల్లా పలాస ప్రాంతమున ఒలుచు జీడిపిక్కల పెంకు నూనె. దానినుండి వచ్చు కార్డనాల్ అణువునకు 15 కర్బనముల పొడవైన తోక కలదు. దానితో చేసిన గట్టిపరచు పదార్థములు ఎపాక్సీ పూతకు వంగు గుణమును, నీటికి తాళు గుణమును ఇచ్చును. ఓడల పూతలలో వీనిని వాడుదురు.

నిజాం చక్కెర కర్మాగారము 2002లో ప్రైవేటు భాగస్వామ్యములోనికి పోయి, 2015 డిసెంబరులో మూతబడినది. చెరకు వేసిన చేలలో చాలవరకు వరి వచ్చినది. దీనికి కారణములు రసాయనశాస్త్రమున లేవు. కాని ఒక కర్మాగారమును చక్కెర ధర ఒక్కటే నిలుపవలెనా, లేక మడ్డి నుండి, పిప్పి నుండి పుట్టు పది వస్తువులు కూడి నిలుపవలెనా అను ప్రశ్నకు జవాబు చెప్పుటలో రసాయనశాస్త్రమునకు పాలు కలదు.

తరగతి గదిలో

ఉపాధ్యాయులు ఈ పాఠమును ఖర్చులేక చూపవచ్చును. కరగిన నెయ్యిని రెండు గిన్నెలలో పోసి, ఒకదానిని చన్నీటిలో పెట్టి త్వరగా చల్లార్చుడు. రెండవదానిని గుడ్డలో చుట్టి రాత్రియంతయు ఉంచుడు. మరునాడు పూసల పరిమాణమును భూతద్దముతో పోల్చుడు. పిదప ముదురు పాకమును ఉపాధ్యాయుడే పళ్లెములో పలుచగా పోసి, చల్లారిన తరువాత విరిచి చూపవలెను. పగులు గాజులోవలె నునుపుగా, తిన్నగా పోవును. ఎపాక్సీతోనే ప్రయోగము చేయదలచువారు చేతి తొడుగులు తప్పక వేసికొనవలెను. గట్టిపరచు అమైనులు కొందరి చర్మమునకు పడవు. రైతులును వట్టి చేతులతో పిసుకుట మానుట మంచిది.

పాకపు పలక విరిచిన పిదప విద్యార్థులను ఒక ప్రశ్న అడుగుడు: దీనిలో ఏమి కలిపినచో పగులు ఆగును? కొందరు ఇంకను ముదురు పాకము పట్టవలెనందురు. కొందరు వేరుసెనగ పప్పు అందురు, కొందరు నెయ్యి అందురు. ఎవరిది సరియో చెప్పక, అన్నియు చేసి, ఒకే ఎత్తునుండి జారవిడిచి చూడనిండు. గుడ్‌రిచ్ ప్రయోగశాలలోను, క్రాన్‌ఫీల్డులోను జరిగిన పని ఇట్టి ప్రశ్నతోనే మొదలైనది.